వేల్స్ వానలో ఏ లెన్సు?

ప్రశ్న: జూన్‌లో మా అమ్మాయి దగ్గరికి కార్డిఫ్ వెళ్తున్నాను. ఇన్నాళ్లూ గండిపేట, అనంతగిరిలోనే ఫొటోలు తీశాను. అక్కడి కొండలకు సామానంతా మోసుకెళ్లాలా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: అంతా వద్దండీ. విశాల దృశ్యాలకు ఒక వైడ్ జూమ్, దూరపువాటికి ఒక 70-200 మి.మీ. లెన్సు చాలు. ట్రైపాడ్ మాత్రం వదలకండి. దక్షిణ వేల్స్‌లోని బ్రెకాన్ బీకన్స్ కొండల్లో స్గూడ్ అర్ ఐరా అనే జలపాతం ఉంది, నీటి తెర వెనక నుంచే నడిచి వెళ్లొచ్చు. అక్కడ షట్టర్ అర సెకను తెరిచి ఉంచే ఎక్స్‌పోజర్‌కి చెయ్యి నిలవదు. లెన్సు ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే తడిరాళ్ల మెరుపు తగ్గి నాచు పచ్చదనం పైకి తేలుతుంది. తుంపర లెన్సు మీద పడుతూనే ఉంటుంది, జేబులో పొడిగుడ్డలు ఉంచుకోండి.

అదే కొండల్లోని పెన్ అ వాన్ శిఖరం 886 మీటర్లే కదా అనుకోవద్దు. పైన గాలికి ట్రైపాడ్ ఊగుతుంది. మధ్య కడ్డీ ఎత్తకుండా, కాళ్లు వెడల్పుగా పరిచి నిలబెట్టండి. ఉత్తరాన లాన్‌బెరిస్ సరస్సులోని ఒంటిచెట్టు కోసం అంతదూరం పోవాలా? నాకైతే అది తీసీ తీసీ అరిగిపోయిన ఫ్రేము, మీ ఇష్టం.

జూన్‌లో పొద్దుగూకేసరికి రాత్రి తొమ్మిదిన్నర. భోజనం ముందే కానిచ్చేయండి. అన్నట్టు, స్పేర్ బ్యాటరీలు విమానంలో చేతిసంచిలోనే పెట్టుకోవాలి.