సన్నికల్లు వంటింటిదా, పూజగదిదా?

‘అమెరికా ఖండాల్లో ప్రాచీనులు మొక్కజొన్నను పూజించేవారని పురావస్తు శాస్త్రవేత్తలు అంటారు. తవ్వకాల్లో దొరికిన నాలుగు గింజలను చూసి అంత మాట ఎలా చెబుతారు?’ అని ఒకరు అడిగారు.

గింజలను చూసి చెప్పలేరు. చేను దొరికితే మాత్రం చాలా చెప్పవచ్చు. అలాంటి చేను మధ్య అమెరికా దేశమైన ఎల్ సాల్వడార్‌లో ఉంది; ఆఫీసు పని మీద ఆ వైపు వెళ్లినప్పుడు చూశాను. ఊరి పేరు హోయా దె సెరెన్. సుమారు 1400 ఏళ్ల కిందట పక్కనే అగ్నిపర్వతం బద్దలై, మాయా అనే ప్రాచీన జాతి రైతుల పల్లె బూడిదలో కూరుకుపోయింది. 1976లో ధాన్యం గిడ్డంగుల కోసం నేల చదును చేస్తుంటే బుల్డోజరుకు తగిలింది. మొక్కలు కుళ్లిపోగా బూడిదలో మిగిలిన బోలు గుంతల్లో పురావస్తు శాస్త్రవేత్త పేసన్ షీట్స్ బృందం ప్లాస్టర్ పోసింది. బూడిద తీసేస్తే మొక్కజొన్న మొక్కలు, బోదెలతో సహా బయటపడ్డాయి.

కొన్ని మొక్కలు మధ్యకు వంగి ఉన్నాయి. గాలికి పడి ఉంటాయనుకుని ఖమ్మం జిల్లాలో ఉన్న నాన్నగారికి ఫొటో పంపాను. ఆయన వెంటనే ఫోను చేశారు: “గాలికైతే మొదలంటా పడుతుందిరా. ఇది కంకి కింద ఎవరో చేత్తో వంచారు.” నిజమే. ముదిరిన కంకిలోకి వాన దిగకుండా, చేలోనే ఎండేలా అలా వంచుతారట. అక్కడి రైతులు నేటికీ చేస్తారు. మా బస్సు గైడు మాత్రం ఈ మాట చెప్పకుండా జ్ఞాపికల దుకాణానికి తొందరపెట్టాడు.

ఇక పూజ సంగతి. అదే ఊళ్లో ఒక కట్టడంలో ఎర్ర రంగు పూసిన జింక పుర్రె దొరికింది, తలకు ధరించేది. అక్కడే మొక్కజొన్న, పిండి నూరే రాళ్లు, పెద్ద కుండలు. పండుగ వంటలకు వాడిన ఇల్లని పండితుల మాట. నేను నమ్ముతాను. కానీ ‘ఇది వంట, ఇది పూజ’ అని గీత గీస్తారు చూడండి, అక్కడే నాకు పేచీ. ఆ నూరుడు రాళ్లు అచ్చం మన సన్నికల్లు, పొత్రంలా ఉంటాయి. మా అమ్మ పచ్చడి నూరే సన్నికల్లు మీదే మా అక్క పెళ్లిలో కాలు పెట్టింది. రేపు ఎవరైనా తవ్వితే దాన్ని ఏ అరలో పెడతారు? రైతుకు అలాంటి అరలు ఎప్పుడూ లేవు.

తర్వాతి పంటకు నాన్నగారు నాలుగు సాళ్లు సెరెన్ పద్ధతిలో వంచారు. కంకులు బాగానే ఎండాయి. అడవి పందులకు మాత్రం వంచినా వంచకపోయినా ఒకటేనని తేలింది.