పెద్ద దుకాణాలకు మాత్రమే ఎక్కువ కనీస వేతనం: అమెరికాలో ఏమైంది, మన దగ్గర కుదురుతుందా?

మీరు అడిగింది ఇదీ: వాల్‌మార్ట్ లాంటి పెద్ద స్టోర్లు మాత్రమే ఎక్కువ కనీస వేతనం ఇవ్వాలని అమెరికాలో చట్టాలు చేశారట, అవి నిలబడ్డాయా? హైదరాబాద్, విజయవాడల్లో ఇన్ని మాల్స్, సూపర్ మార్కెట్లు వచ్చాయి కదా, మన దగ్గరా అలా పెట్టొచ్చా?

చేశారు, కానీ అమల్లోకి రాలేదు. బాగా పేరుపడ్డవి రెండు: 2006లో షికాగో, 2013లో వాషింగ్టన్ డీసీ. రెండూ నగర కౌన్సిల్లో నెగ్గి, మేయర్ వీటోతో ఆగిపోయాయి. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారన్నది పక్కన పెట్టి, "పెద్ద దుకాణం" అంటే ఏమిటని ఆ బిల్లుల్లో రాశారో చూడండి. గొడవంతా ఆ నిర్వచనం చుట్టూనే తిరిగింది.

ముందు షికాగో. సంస్థ మొత్తం అమ్మకాలు ఏడాదికి 100 కోట్ల డాలర్లు దాటాలి, ఆ దుకాణం 90,000 చదరపు అడుగులు దాటాలి. మన లెక్కలో 10,000 గజాలు, అంటే రెండెకరాల పైన రెండు మూడు గుంటలు. ఈ రెండూ ఉన్న చోట 2007 జులై నుంచి గంటకు 9.25 డాలర్ల జీతం, దానిపై 1.50 డాలర్ల విలువైన ఆరోగ్య బీమా వంటి ప్రయోజనాలు ఇవ్వాలి. 2010 నాటికి అవి 10 డాలర్లు, 3 డాలర్లు కావాలి. అప్పుడు షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్ర కనీస వేతనం 6.50, ఫెడరల్‌ది, అంటే కేంద్రం పెట్టింది, 5.15. 2006 జులైలో కౌన్సిల్ 35-14తో పాస్ చేసింది. సెప్టెంబర్ 11న మేయర్ రిచర్డ్ ఎం. డేలీ వీటో చేశారు. పదిహేడేళ్ల పదవిలో ఆయన వాడిన మొదటి వీటో అదే. దాన్ని తోసిపుచ్చాలంటే 50 మందిలో 34 ఓట్లు కావాలి, వచ్చినవి 31.

డీసీ బిల్లులో గీత ఇంకాస్త కిందికి దించారు. సంస్థ ఆదాయం అదే 100 కోట్ల డాలర్లు, దుకాణం 75,000 చదరపు అడుగులు (8,333 గజాలు, ఒక ఎకరం 29 గుంటలు). వేతనం గంటకు 12.50 డాలర్లు. అప్పటి డీసీ కనీస వేతనం 8.25. వారానికి 40 గంటలు, ఏడాదికి 52 వారాలు పనిచేసే మనిషికి 8.25 లెక్కన 17,160 డాలర్లు వస్తే, 12.50 లెక్కన 26,000 వస్తాయి. తేడా 8,840. కానీ రిటైల్లో నిండా 40 గంటలు దొరికేవాళ్లు ఎంతమంది? వారానికి 25 గంటలే షెడ్యూల్ ఇస్తే పెరిగేది 106 డాలర్ల పావు. గంట రేటు పెంచే చట్టం గంటల్ని కాపాడదు. ఈ చర్చలో అందరూ దాటేసే విషయం ఇదే.

ఇంకో మెలిక. ఆ 12.50 చేతికొచ్చే డబ్బు కాదు, జీతం, ప్రయోజనాలు కలిపిన మొత్తం. బీమాకి యజమాని గంటకు 1.50 చొప్పున కడుతుంటే చేతికి 11 ఇస్తే సరిపోతుంది. ఆ బీమాలో మీరు చేరారా, మీకు అర్హత ఉందా, ఆ 1.50 ఎవరు లెక్క కట్టారు అన్నవి ఆడిట్‌లో తేలాల్సినవి. జీతం రిజిస్టర్ చూసి పట్టుకోవడం తేలిక, ప్రయోజనాల విలువ పట్టుకోవడం కష్టం.

2013 జులై 10న కౌన్సిల్ 8-5తో పాస్ చేసింది. అప్పటికి వాల్‌మార్ట్ నగరంలో ఆరు స్టోర్లు పెడతానని ఉంది. ఓటింగుకు ముందురోజే, బిల్లు వస్తే వాటిలో మూడు కట్టమని చెప్పేసింది. సెప్టెంబర్ 12న మేయర్ విన్సెంట్ గ్రే వీటో చేశారు. ఐదు రోజుల తర్వాత మళ్లీ ఓటు వేస్తే 9 కావాల్సిన చోట 7 వచ్చాయి. స్టోర్లు వస్తాయనే కదా ఆపింది? 2016 జనవరిలో, ఆ కొత్త స్టోర్లలో రెండింటిని, అదీ కిరాణా దుకాణాలే తక్కువగా ఉన్న అనకోస్టియా నది అవతలి వైపు రావాల్సినవాటిని, కంపెనీ రద్దు చేసుకుంది. నా దృష్టిలో ఈ కథలో గుర్తుంచుకోవాల్సింది అది: స్టోరు కడతానన్న మాటకు కంపెనీ కట్టుబడాలంటే చేతిలో కాగితం ఉండాలి, ఊరికే వీటో సరిపోదు.

ఇక నిర్వచనం ఎక్కడ చిల్లుపడుతుందో చూద్దాం. చదరపు అడుగులు కొలమానం అయితే కంపెనీ గీత కిందికి జరుగుతుంది. వాల్‌మార్ట్‌కే 'నైబర్‌హుడ్ మార్కెట్' అనే చిన్న నమూనా ఉంది, సుమారు 40,000 చదరపు అడుగులు. సంస్థ ఎంత పెద్దదైనా ఆ దుకాణం గీత కింద ఉండిపోతుంది. పైగా కొలిచేది దేన్ని? అమ్మకాల అంతస్తునా, గోదాముతో కలిపా, సెల్లార్ పార్కింగ్‌తో కలిపా? బిల్లులో ఆ ముక్క లేకపోతే మొదటి కేసు దాని మీదే పడుతుంది.

యూనియన్ మినహాయింపు రెండో చిల్లు. డీసీ బిల్లులో యూనియన్‌తో వేతన ఒప్పందం ఉన్న సంస్థలకు ఇది వర్తించదు. అందువల్ల జెయింట్, సేఫ్‌వే అనే సూపర్ మార్కెట్ గొలుసులు బయటపడ్డాయి, వాల్‌మార్ట్ లోపల పడింది. బిల్లు పెట్టినవాళ్లకు ఇది యూనియన్లను ప్రోత్సహించే పద్ధతి, ఎదిరించినవాళ్లకు ఒకే కంపెనీ మీద గురిపెట్టిన తుపాకి. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

మూడోది ఊరి పొలిమేర. డీసీలో పొటోమాక్ నది దాటితే వర్జీనియా, ఇంకో పక్క మేరీల్యాండ్. 2013లో రెండు చోట్లా కనీస వేతనం 7.25. మెట్రో ఎక్కి పావుగంటలో ఇంకో చట్టం కిందికి వెళ్లిపోవచ్చు. షికాగోలోనూ అంతే, హద్దు దాటగానే ఎవర్‌గ్రీన్ పార్క్‌లో వాల్‌మార్ట్ ఉంది. అమ్మకం పన్ను అక్కడికి పోతుంది, జనం అక్కడికే వెళ్లి కొనుక్కుంటారు.

జీతం వదిలి ప్రయోజనాల మీద మాత్రమే గురిపెడితే ఏమవుతుందో మేరీల్యాండ్ చూపించింది. పదివేల మందికి పైగా ఉద్యోగులున్న కంపెనీ జీతాల మొత్తంలో 8 శాతం ఆరోగ్యానికి ఖర్చుపెట్టాలి, లేదంటే ఆ తేడా రాష్ట్రానికి కట్టాలి అని 2006 జనవరిలో, గవర్నర్ వీటోని కూడా దాటి, చట్టం చేశారు. ఆచరణలో వాల్‌మార్ట్ ఒక్కటే చిక్కింది. అదే ఏడాది జులైలో ఫెడరల్ కోర్టు కొట్టేసింది, 2007 జనవరిలో అప్పీలు కోర్టూ అదే మాట అంది. ఉద్యోగుల ప్రయోజన పథకాల మీద నియమాలు పెట్టే అధికారం 1974 నాటి ఎరిసా అనే ఫెడరల్ చట్టానిది, రాష్ట్రం అందులో వేలు పెట్టలేదు. కనీస జీతం అలా కాదు, ఫెడరల్ రేటు కన్నా పైన పెట్టుకునే అధికారం రాష్ట్రాలకు ఉంది. నగరాలకు ఉందా లేదా అన్నది రాష్ట్రం చేతిలో ఉంటుంది. టెక్సస్ ఇవ్వలేదు. అందుకే డాలస్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నా అక్కడ చట్టప్రకారం కనీస వేతనం 2009 నుంచి అదే 7.25. దుకాణం అంతకన్నా ఎక్కువ ఇస్తే అది మనుషులు దొరక్క ఇచ్చేది, చట్టం ఇప్పించింది కాదు.

తర్వాత వచ్చినవాళ్లు కొలమానం మార్చారు. సియాటిల్ 2015 ఏప్రిల్ నుంచి దేశం మొత్తం మీద 500 మందికి పైగా ఉద్యోగులున్న యజమానికి ఒక రేటు, మిగతావాళ్లకు ఇంకో రేటు పెట్టింది. ఏ వ్యాపారమైనా సరే, రిటైల్ అన్న మాటే లేదు. ఫ్రాంచైజీ దుకాణాల్ని కూడా మొత్తం గొలుసులో కలిపి లెక్కపెట్టింది. ఫ్రాంచైజీ యజమానుల సంఘం కోర్టుకెళ్లినా దాన్ని ఆపలేకపోయింది. ఆ రెండు రేట్ల మధ్య ఎడం పోయి 2025 జనవరి 1 నుంచి అందరికీ ఒకటే రేటు అయింది, ఆ ఏడాదికి 20.76 డాలర్లు. కాలిఫోర్నియా ఫాస్ట్‌ఫుడ్ గొలుసులకు 2024 ఏప్రిల్ నుంచి పెట్టిన 20 డాలర్ల రేటులో కొలత దేశవ్యాప్తంగా 60 శాఖలు. గజాల కన్నా ఈ లెక్క మెరుగు. శాఖల సంఖ్యను దాచడం, గోడ జరిపినంత తేలిక కాదు.

డీసీకే మళ్లీ వస్తే, వీటో పడ్డ మూడు నెలలకే, 2013 డిసెంబర్‌లో, కౌన్సిల్ అందరు యజమానులకూ కలిపి 2016 నాటికి 11.50 చేసే చట్టం తెచ్చింది. పక్కనున్న రెండు మేరీల్యాండ్ కౌంటీలు, మాంట్‌గోమరీ, ప్రిన్స్ జార్జెస్ కూడా కలిసి 11.50కే వెళ్లాయి. పొలిమేర సమస్య అలా కొంత తీరింది. 2017 జులై 1న డీసీలో అందరికీ కనీస వేతనం సరిగ్గా 12.50 అయింది. నాలుగేళ్ల క్రితం ఎకరమున్నర దాటిన దుకాణాలకు కూడా కుదరదన్న రేటు, వీధి చివర కొట్టుకి కూడా వర్తించింది.

ఇప్పుడు మన సంగతి.

పాత 1948 కనీస వేతనాల చట్టం కింద రేటు నిర్ణయించింది పనిని బట్టి, ప్రాంతాన్ని బట్టి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింట్లోనూ 'దుకాణాలు, వాణిజ్య సంస్థలు' అన్నది ఒక షెడ్యూల్డ్ ఉపాధిగా, అంటే ఆ చట్టం జాబితాలో ఉన్న పనిగా ఉండేది. దాని కింద జోన్లు, హోదాలు ఉంటాయి. బేసిక్ మీద ధరల సూచీని బట్టి ఏప్రిల్, అక్టోబర్‌లలో వీడీఏ, అంటే కరువు భత్యం, మారుతుంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ఈ షెడ్యూల్ పద్ధతి తీసేసి అన్ని ఉపాధులకూ కనీస వేతనం వర్తింపజేసింది. రేటు పెట్టేటప్పుడు ప్రధానంగా చూడమన్నది నైపుణ్యం, ప్రాంతం. దుకాణం ఎన్ని గజాలు, టర్నోవర్ ఎంత అన్నవి అందులో లేవు. కాబట్టి ఇప్పుడున్న చట్టంతో "పెద్ద మాల్ రేటు" నోటిఫికేషన్ ఇస్తే హైకోర్టులో పడే మొదటి రిట్‌కే ఇబ్బందిలో పడుతుంది. పెద్ద దుకాణాల మీద షరతులు పెట్టడం మనకు కొత్తేమీ కాదు. 2012లో మల్టీబ్రాండ్ రిటైల్లో 51 శాతం విదేశీ పెట్టుబడి ఒప్పుకున్నప్పుడు పది లక్షల జనాభా, 10 కోట్ల డాలర్ల పెట్టుబడి, చిన్న పరిశ్రమల నుంచి 30 శాతం కొనుగోలు అని రాశారు. జీతాల ఊసు మాత్రం లేదు.

అందుకే ఇక్కడ కొత్త రేటు కోసం ఎదురుచూడ్డం కన్నా ఉన్న రేటు పూర్తిగా అందుతోందా లేదా చూసుకోవడం లాభం. పెద్ద స్టోర్లలో జారిపోయేది సాధారణంగా ఇలా.

స్టోరుకి మనుషుల్ని పంపే ఏజెన్సీ ఆఫర్ లెటర్‌లో సీటీసీ, అంటే మీ మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు, అంకె రాస్తుంది. అందులో యజమాని వాటా పీఎఫ్, ఈఎస్‌ఐ, బోనస్ అన్నీ కలిసి ఉంటాయి. కనీస వేతనంతో పోల్చాల్సింది ఆ అంకెని కాదు. మీ వాటా పీఎఫ్, ఈఎస్‌ఐ కోయక ముందు ఉన్న బేసిక్, వీడీఏ చూడండి. యజమాని వాటా మీ జీతం కాదు.

తర్వాత హోదా. బిల్లింగ్ కౌంటర్లో కూర్చుని నగదు లెక్క అప్పజెప్పే మనిషిని కాగితం మీద 'హెల్పర్' అనో 'ట్రైనీ' అనో రాస్తారు. రేటు చేసే పనికి, పేరుకి కాదు.

ఓటీ (ఓవర్‌టైమ్) దగ్గర పోయేదే ఎక్కువ. లెక్క సులువుగా ఉండేందుకు మీ రేటు నెలకు 13,000 అనుకుందాం. 26తో భాగిస్తే రోజుకు 500, ఎనిమిది గంటలకు భాగిస్తే గంటకు 62.50. ఓటీ రెట్టింపు కాబట్టి 125. ఉదయం పదికి వచ్చి, గంట భోజనం పోను, రాత్రి తొమ్మిదికి షట్టర్ దించేదాకా ఉంటే రోజుకు పది గంటల పని. రెండు గంటల ఓటీ, 26 రోజులకు 52 గంటలు, 6,500 రూపాయలు. జీతంలో సగం! దాన్ని 'కాంప్ ఆఫ్ (బదులు సెలవు) ఇస్తాంలే' అని తేల్చేస్తారు.

స్టాక్ తగ్గితే సెక్షన్లో ఉన్న అందరి జీతంలోంచీ తలా ఇంత కోయడం ఇంకో అలవాటు. ఆ మనిషికి ప్రత్యేకంగా అప్పగించిన సరుకు అయ్యుండాలి, అతని నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలాలి, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. సీసీటీవీలో ఎవరూ దొరకలేదని అందరికీ పంచడం కుదరదు. జరిమానా అంటే ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు.

ఫిర్యాదు ఏఎల్‌ఓ (అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్) ఆఫీసులో మొదలవుతుంది. వేతనాల కోడ్ కింద క్లెయిమ్‌కి గడువు మూడేళ్లు, పాత కనీస వేతనాల చట్టంలో ఆరు నెలలే ఉండేది. తక్కువిచ్చిన మొత్తంతో పాటు దానికి పదిరెట్ల వరకు పరిహారం వేయొచ్చు. పూర్తిగా ఇచ్చామని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత యజమానిది. అయినా మీ వైపు నుంచి పే స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్, వారం వారం రోస్టర్ ఫోటోలు ఉంచుకోండి. రోస్టర్ సాధారణంగా గోడ మీద అంటిస్తారు, సోమవారం కొత్తది రాగానే పాతది చింపేస్తారు. ఆదివారం రాత్రి షిఫ్ట్ దిగేటప్పుడు ఒక ఫోటో తీసుకోండి.