16 మందితో ఓడ ప్రయాణం: మొత్తం ఖర్చులో టికెట్టు సగమే

ప్రశ్న: వచ్చే ఏడాది వేసవిలో మా నాన్నగారికి డెబ్బై నిండుతాయి. ఇంట్లో భీమరథ శాంతి చేయించి, ఆ వెంటనే కుటుంబమంతా కలిసి పెద్ద ఓడలో విహారయాత్రకు వెళ్లాలనుకుంటున్నాం. అమ్మానాన్నలు, బాబాయి, పిన్ని, ఒంటరిగా ఉంటున్న మేనత్త, నేనూ మావారూ, మా ఇద్దరు పిల్లలు (అమ్మాయికి 17, అబ్బాయికి 12), డాలస్ నుంచి తమ్ముడూ మరదలూ వాళ్ల ఇద్దరు పిల్లలు, విజయవాడ నుంచి చెల్లెలూ మరిదిగారూ వాళ్ల మూడేళ్ల బాబు. మొత్తం 16 మంది. ప్రకటనల్లో మనిషికి 50 వేలంటున్నారు కాబట్టి 8 లక్షల్లో అయిపోతుందని నాన్నగారి లెక్క. ఆయన హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు, పింఛను నెలకు 40 వేలు. రెండున్నరేళ్ల కిందట సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేసిన 15 లక్షలు, బ్యాంకు డిపాజిట్లలో 11 లక్షలు ఉన్నాయి. స్కీములో డబ్బు తీసి అందరి ఖర్చూ తానే పెట్టుకుంటానంటున్నారు. తమ్ముడేమో మయామీ నుంచి వెళ్దామంటున్నాడు. ఇంటి రుణం కడుతున్న మరిదిగారు పర్సనల్ లోన్ తీసుకుని అయినా తమ వాటా తామే ఇస్తామంటున్నారు. నాన్నగారికి మూడేళ్ల కిందట స్టెంట్ వేశారు. ఏం చేయమంటారు? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: వెళ్లమనే చెబుతాను. అయితే నాన్నగారి లెక్కతో వద్దు, తమ్ముడు చెప్పిన రేవు నుంచి అసలే వద్దు.

మయామీ సంగతి ముందు తేల్చేద్దాం. ఇక్కడి నుంచి వెళ్లే 12 మందిలో ఎవరికీ అమెరికా వీసా లేదనుకుంటే, దరఖాస్తు రుసుమే మనిషికి 185 డాలర్లు. డాలరుకు 90 రూపాయల చొప్పున చూస్తే దాదాపు 2 లక్షలు. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. డెబ్బై ఏళ్ల వాళ్ల నుంచి మూడేళ్ల బాబు దాకా అందరికీ ప్రయాణానికి ముందే వీసాలు వస్తాయన్న భరోసా లేదు, విమానం టికెట్లు మనిషికి లక్ష దాటుతాయి. పైగా తమ్ముడు శాంతికి ఎలాగూ ఇక్కడికి వస్తాడు. ఇండియా వచ్చిన మనిషి అందరినీ వెంటేసుకుని మళ్లీ అమెరికా వెళ్లడంలో అర్థం లేదు. సింగపూర్ నుంచి బయలుదేరే ఓడ చూసుకోండి. తమ్ముడి కుటుంబం తిరుగు టికెట్టు సింగపూర్ నుంచి డాలస్‌కు వేసుకుంటే వాళ్ల విమాన ఖర్చు కూడా పెద్దగా పెరగదు.

ఇక ఆ 8 లక్షల మాట. ప్రకటనలో చెప్పే ధర ఓడలో గదికి, భోజనానికి, వినోద కార్యక్రమాలకు. ఓడ దాకా వెళ్లే ఖర్చు, ఎక్కాక రోజూ పడే ఖర్చు అందులో కలవవు. సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల ప్రయాణానికి నేను వేసిన అంచనా చెబుతాను, ఏజెంటు కొటేషన్ చేతికొచ్చాక అంకెలు మార్చుకోండి.

గది ధర ఇద్దరి లెక్కన ఉంటుంది. మొదటి ఇద్దరికి పూర్తి ధర, అదే గదిలో మూడో మనిషికి, నాలుగో మనిషికి తక్కువ. ఒక్కరే గది తీసుకుంటే చాలా ఓడల్లో దాదాపు ఇద్దరి డబ్బూ కట్టాలి. అందుకని మేనత్తగారికి విడిగా గది తీసుకోకుండా మీ అమ్మాయిని ఆమెకు తోడుగా ఉంచండి. అమ్మానాన్నలకు ఒకటి, బాబాయి పిన్నిలకు ఒకటి, మీరిద్దరూ మీ అబ్బాయితో ఒకటి, తమ్ముడి కుటుంబం నలుగురికీ ఒకటి, చెల్లెలి కుటుంబానికి ఒకటి. మేనత్తగారి గదితో కలిపి ఆరు గదులు. పూర్తి ధర పడే 12 మందికి 55 వేల చొప్పున 6.60 లక్షలు, మిగతా నలుగురు పిల్లలకు 30 వేల చొప్పున 1.20 లక్షలు. రేవు పన్నులతో కలిపి టికెట్లే 7.80 లక్షలు. నాన్నగారి లెక్క ఇక్కడితో ఆగిపోయింది.

ఇక్కడి నుంచి వెళ్లే 12 మందికి సింగపూర్ రానుపోను విమానం 32 వేల చొప్పున 3.84 లక్షలు. ఓడ బయలుదేరే రోజు ఉదయం దిగే విమానం ఎక్కవద్దు. అది నాలుగు గంటలు ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు, కట్టిన డబ్బూ వెనక్కి రాదు. ముందురోజే చేరుకోవాలి కాబట్టి ఆరు హోటల్ గదులకు 96 వేలు. వీసాలకు 42 వేలు, బీమాకు 40 వేలు. ఓడ సిబ్బందికి టిప్పు మన ఇష్టానికి వదలరు. మనిషికి రోజుకు ఇంత అని చాలా కంపెనీలు నేరుగా గది ఖాతాలో వేసేస్తాయి, పిల్లలనూ లెక్కలో కలుపుతాయి. రోజుకు 18 డాలర్లనుకుంటే 16 మందికి నాలుగు రోజులకు 1.04 లక్షలు. రేవుల్లో దిగి తిరగడానికి, వైఫైకి, చిల్లర కొనుగోళ్లకు లక్షన్నర. మొత్తం దాదాపు 16 లక్షలు. అంటే నాన్నగారు అనుకున్నదానికి సరిగ్గా రెట్టింపు.

ఏజెంటు ఇంకో ఆశ చూపవచ్చు: 16 మంది ఉన్నారు కాబట్టి ఒకరికి టికెట్టు ఉచితం అని. చాలా కంపెనీలు ఈ రాయితీకి గదిలో మొదటి ఇద్దరినే లెక్కపెడతాయి, సాధారణంగా ఎనిమిది గదులుండాలి. మీకున్నవి ఆరు. ఒక ఉచిత టికెట్టు కోసం ఇంకో రెండు గదులు తీసుకోవడం నష్టమే. ఆ ఉచితంలో కూడా రేవు పన్నులు, టిప్పులు మనమే కట్టాలి.

ఇప్పుడు డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది. సీనియర్ సిటిజన్స్ స్కీము జోలికి వెళ్లవద్దని నాన్నగారికి నా మాటగా చెప్పండి. ఆ ఖాతా నుంచి కావలసినంత తీసుకుని మిగతాది ఉంచడం కుదరదు, ఖాతా మొత్తం మూసేయాలి. రెండేళ్లు దాటింది కాబట్టి ఒక శాతం, అంటే 15 వేలు కోత. దానికన్నా పెద్ద నష్టం వేరే ఉంది. 8.2 శాతం వడ్డీ మీద మూడు నెలలకోసారి వచ్చే 30,750 రూపాయలు ఆగిపోతాయి. నెలకు 10 వేల పైమాట. పింఛనులో నాలుగో వంతుకు సమానమైన ఆదాయాన్ని నాలుగు రాత్రుల కోసం వదులుకోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

అలాగని ఆయన చేత రూపాయి కూడా పెట్టనివ్వమంటే ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. పండగ ఆయనది. బ్యాంకు డిపాజిట్ల నుంచి పెద్దవాళ్లు అయిదుగురి ఓడ టికెట్లు (2.75 లక్షలు), వాళ్ల టిప్పులు (32 వేలు), మనవలూ మనవరాళ్లందరి ఓడ టికెట్లు (1.75 లక్షలు) ఆయన పెట్టుకోమనండి. మొత్తం 4.82 లక్షలు. 11 లక్షల్లో ఇంకా 6 లక్షల పైచిలుకు మిగులుతుంది. స్టెంట్ పడిన మనిషికి అది చేతికందేలా ఉండాల్సిన డబ్బు, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు. పెద్దవాళ్ల విమానం, హోటల్, వీసా, బీమా కలిపి 2.42 లక్షలవుతాయి. అది మీరూ తమ్ముడూ చెరి సగం పంచుకోండి. మిగతా ఖర్చు ఎవరి కుటుంబానిది వాళ్లది.

పిల్లల టికెట్లు తాతగారు పెట్టడం వెనక నాకో ఉద్దేశం ఉంది. చెల్లెలి కుటుంబానికి మాత్రమే సాయం చేస్తే మరిదిగారు నొచ్చుకుంటారు. మనవలందరికీ తాతయ్య కానుక అంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. అయినా వాళ్లకు చేతి ఖర్చు కాకుండా 2.60 లక్షల దాకా అవుతుంది. దానికి పర్సనల్ లోన్ మాత్రం వద్దు. 3 లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలకు 10,253 రూపాయల వాయిదా, మొత్తం కట్టేది 3.69 లక్షలు. బాబు ఒకటో తరగతిలో చేరాక కూడా ఈ నాలుగు రాత్రుల బాకీ తీరుస్తూనే ఉంటారు. వాటా డబ్బు కట్టే తేదీకి ఇంకా 14 నెలలుందనుకుంటే, నెలకు 18,500 రికరింగ్ డిపాజిట్ వేస్తే అప్పు లేకుండానే సరిపోతుంది.

అంత వేయగలరా అన్నదే అసలు ప్రశ్న. దాన్ని కుటుంబ వాట్సాప్ గ్రూపులో అడగకండి, అక్కడ అందరూ సరేనంటారు. మీ చెల్లెలికి విడిగా ఫోను చేసి, నెలకు ఎంత పక్కన పెట్టగలరని అడగండి. 18 వేలంటే సింగపూర్. 8 వేలంటే 16 మందికీ ఓడ మార్చండి, వాళ్లను మాత్రం వదిలేయకండి. చెన్నై, ముంబయి రేవుల నుంచి కార్డీలియా ఓడ నడుస్తోంది, 2022లో విశాఖ నుంచి కూడా నడిపారు. దేశంలోనే తిరిగి వచ్చే ప్రయాణమైతే వీసాలు, విమానాలు, ముందురోజు సింగపూర్ హోటలు అన్నీ తప్పుతాయి. ఖర్చు సగానికి దిగుతుందని నా అంచనా. సింగపూర్ ఓడలతో పోలిస్తే అది చిన్నది, తమ్ముడి పిల్లలు పెదవి విరవవచ్చు. విరవనివ్వండి.

ఇక బీమా. ఇక్కడ మాత్రం పొదుపు చేయవద్దు. మనకుండే మామూలు ఆరోగ్య బీమా చాలావరకు దేశం దాటితే పనిచేయదు. ఓడలో డాక్టరు ఉంటారు, కానీ ఫీజు డాలర్లలో నేరుగా గది ఖాతాలో పడుతుంది, మన హాస్పిటల్ కార్డు అక్కడ చూపించి లాభం లేదు. పరిస్థితి విషమిస్తే దగ్గరి రేవులో దించి ఆస్పత్రికి తరలిస్తారు, ఆ ఖర్చు లక్షల్లో ఉంటుంది. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు స్టెంట్ విషయం, వాడుతున్న మందులు దాచకుండా రాయించండి. ముందే ఉన్న జబ్బుకు పాలసీ ఎంతవరకు చెల్లిస్తుందో, ఓడ ప్రయాణానికి, అత్యవసర తరలింపుకు వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. ఇంకో మెలిక ఉంది. ప్రయాణానికి వారం ముందు నాన్నగారికి బాగాలేకపోతే మిగతా 15 మందీ వెళ్తారా? వెళ్లరు. అప్పుడు ఆయన టికెట్టు డబ్బే వస్తుందా, అందరిదీ వస్తుందా? మేనత్త, బాబాయి, అల్లుడు చాలా పాలసీల్లో ‘దగ్గరి బంధువు’ నిర్వచనంలోకి రాకపోవచ్చు. ఆ పేరా చదవకుండా సంతకం పెట్టకండి.

రద్దు నిబంధనలూ అంతే ముఖ్యం. చిన్న ప్రయాణాలకు చాలా కంపెనీలు బయలుదేరడానికి 75 రోజుల ముందు పూర్తి డబ్బు కట్టమంటాయి. ఆ తేదీ దాటాక రద్దు చేసుకుంటే కోత దశలవారీగా పెరిగి, చివరి రోజుల్లో ఏమీ మిగలదు. ఆ తేదీకి 15 రోజుల ముందే అన్ని కుటుంబాల వాటాలూ ఒక ఖాతాలోకి చేరాలి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నారు. సొంతవాళ్లే అయినా తిరిగొచ్చాక వసూలు చేద్దామనుకోకండి.

పన్ను విషయం. విదేశీ ప్యాకేజీ మీద ఏజెంటు టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తాడు. ఇంతకుముందు 5 శాతం, పరిమితి దాటితే 20 శాతం ఉండేది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2 శాతానికి తగ్గింది. ఇది అదనపు పన్ను కాదు, మీ ఆదాయపు పన్నులో సర్దుబాటవుతుంది. అందుకే బిల్లు మొత్తం నాన్నగారి పాన్ మీద వేయించవద్దు. కొత్త విధానంలో ఆయన పన్ను కట్టాల్సిన అవసరమే ఉండదు కాబట్టి, రిటర్ను వేసి రీఫండు కోసం ఎదురు చూడాలి. ఎవరి బిల్లు వాళ్ల పాన్ మీద ఉంటే, మీరు ఆఫీసులో ముందే తెలియజేసి జీతంలో కోసే టీడీఎస్‌లో సర్దించుకోవచ్చు. నాన్నగారి విదేశీ ప్రయాణ ఖర్చు 2 లక్షలు దాటుతుంది కాబట్టి ఆ ఏడాది ఆయన రిటర్ను ఎలాగూ వేయాల్సిందే.

ఓడ ఎక్కాక జాగ్రత్తలు. లోపల నగదు చెల్లదు, గది తాళంగా ఇచ్చే కార్డు గీకితే బిల్లు గది ఖాతాలో పడుతుంది. ఆరు గదులనూ మీ ఒక్కరి క్రెడిట్ కార్డుకు కలపవద్దు, ఏ గదికి ఆ గది కార్డు ఇవ్వండి. చాలా కార్డుల మీద విదేశీ మారకపు రుసుము 3.5 శాతం, దాని మీద జీఎస్‌టీ ఉంటాయి, అది తక్కువగా ఉన్న కార్డు ఎంచుకోండి. ఎక్కిన రోజే కౌంటరుకు వెళ్లి పిల్లల కార్డులతో కొనుగోళ్లు ఆపించండి. లేకపోతే వీడియో గేముల గది బిల్లు చివరి రాత్రి తెలుస్తుంది. మద్యం ప్యాకేజీ విషయంలో పెద్ద ఓడల్లో ఒక వింత నియమం ఉంది: గదిలో ఒక పెద్దవారు తీసుకుంటే రెండో పెద్దవారూ తీసుకోవాలి. బాబాయిగారు ముచ్చటపడితే, మజ్జిగ తప్ప ఏదీ ముట్టని పిన్నిగారికీ అదే ధర పడుతుంది. ఆయన్ను విడిగా గ్లాసు లెక్కన కొనుక్కోమనండి.

చివరిగా పాస్‌పోర్టులు. ప్రయాణం ముగిశాక ఇంకా ఆరు నెలలైనా గడువు ఉండాలి. పెద్దవాళ్లవి అయిదూ ఈ వారమే తీసి చూడండి. ఓడ సింగపూర్ నుంచి వెళ్లి మళ్లీ అక్కడికే వస్తుంది కాబట్టి ఒకటికన్నా ఎక్కువసార్లు ప్రవేశించే వీసా కావాలి. తమ్ముడిది ఇంకా భారతీయ పాస్‌పోర్టే అయితే అతనికీ ఆ వీసా తప్పదని ఇప్పుడే చెప్పండి, డాలస్ నుంచి వచ్చేవాళ్లు ఈ సంగతి తరచూ మరిచిపోతారు.