గుడికి ఏం ముప్పు ఉందో రాసేటప్పుడు

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలు, మీ ఊరి పాత గుడికి ఏం ముప్పు ఉందో రాసిన ఆ రెండు పేజీల రిపోర్టు చూశాను. ఫోటోలు బాగున్నాయి, రిపోర్టు మాత్రం పేపర్లో జిల్లా ఎడిషన్ వార్తలా ఉంది. "కాకతీయుల కాలం నాటి త్రికూటాలయం (మూడు గర్భగుళ్ళ గుడి) శిథిలావస్థలో ఉంది, అధికారులు పట్టించుకోవాలి" అని రాస్తే చదివిన ఆఫీసరు తలూపి ఫైలు పక్కన పెడతాడు, ఎందుకంటే అందులో అతను రేపు పొద్దున చేయగలిగిన పని ఒక్కటీ లేదు. ఇప్పటికే జరిగిన నష్టం వేరు, ఇకముందు జరగబోయేది వేరు. నిన్ను అడిగింది రెండోది. అందుకని ఒక్కో ముప్పుకు ఒక్కో వాక్యం రాయి: ఏ కారణం, అది ఏ దారిలో వచ్చి గుడిలో ఏ భాగాన్ని తాకుతుంది, ఎన్నేళ్ళలో ఎంత పాడవుతుంది. "శిఖరం మీద రావిచెట్టు ఉంది" అంటే చాలదు. "ఉత్తరం వైపు శిఖరం మీది రావిచెట్టు వేరు ఇటుకల సందులోకి దిగింది, వదిలేస్తే పదేళ్ళలోపు ఆ వైపు ఇటుకలు విడిపోయి గర్భగుడి కప్పు మీద పడొచ్చు" అని రాయి. అప్పుడు చదివినవాడికి చెట్టు సంగతి చూడాలని తెలుస్తుంది. (ఆ చెట్టును ఎవరూ లాగి పీకకుండా చూడు. వేరుతో పాటు సగం గోడ వస్తుంది. కొమ్మలు నరికి, మొదలు దగ్గర కోసి, మందు పెట్టి, వేరు లోపలే చచ్చాక సందులు సున్నంతో నింపాలి.)

రెండోది, ఎండలో వెళ్ళి చూసి వచ్చాను అనకు. వానలో వెళ్ళు. మన దగ్గర పాత గుళ్ళకు నీళ్ళను మించిన శత్రువు లేదు, ఆ శత్రువు ఫిబ్రవరిలో కనిపించడు. గొడుగు పట్టుకుని రంగమండపంలో ఒక గంట కూర్చో, కప్పురాళ్ళ సందుల్లోంచి ఎక్కడ చుక్క పడుతుందో నేల మీద చూసి ప్లానులో గుర్తు పెట్టు. తర్వాత బయటికొచ్చి ఒక చుట్టు తిరుగు. కప్పు నీళ్ళు ఎటు పడుతున్నాయి, పడ్డవి పారిపోతున్నాయా లేక గోడ మొదట్లోనే నిలుస్తున్నాయా, సోమసూత్రం దగ్గర, అంటే గర్భగుడి నుంచి నీళ్ళు బయటికొచ్చే తూము దగ్గర, అభిషేకం నీళ్ళు ఎక్కడికి ఇంకుతున్నాయి. నువ్వు పంపిన నాలుగో ఫోటోలో అధిష్ఠానం, అంటే గుడి నిలబడ్డ పీఠం, కింది వరుస రాళ్ళ మీద తెల్లటి ఉప్పు కనిపిస్తోంది, దాని పైవరుసలో రాయి పొరలు పొరలుగా లేస్తోంది. దాన్ని వయసు మీద పడిన రాయి అని రాశావు. కాదు బిడ్డా. ఆ సందులు చూడు, ఎవరో సిమెంటు పూసి ఉన్నారు. సున్నం సందు అయితే గోడలోని తేమ అందులోంచే బయటికి పోతుంది. సిమెంటు దాన్ని బయటికి పోనివ్వదు, ఇక నీరు రాయిలోంచే దారి చూసుకుంటుంది, పైకొచ్చి ఆరినప్పుడు ఉప్పు గడ్డకట్టి రాయి తోలును లోపలి నుంచి నెడుతుంది. ఎర్ర ఇసుకరాయిలో ఇది తొందరగా తెలుస్తుంది, నల్లరాయిలో ఆలస్యంగా. ఆ ఒక్క ఫోటో మీదే అర పేజీ రాయొచ్చు, తప్పకుండా రాసి పెట్టు.

పునాది సంగతి. రామప్పకు, వేయిస్తంభాల గుడికి కింద ఇసుక పునాది ఉన్నట్టు మీ గుడికీ ఉండొచ్చు. ఉందో లేదో చూద్దామని తవ్వకు, ఎవరినీ తవ్వనివ్వకు. ఇసుక చుట్టూ కదలకుండా ఉన్నంత కాలం బరువు మోస్తుంది, పక్కన కందకం తీసి అది జారే దారి ఇస్తే మోయదు. మిషన్ భగీరథ పైపు కోసమో, సీసీ రోడ్డు కోసమో గుడి గోడ పక్కన జేసీబీ పెట్టారా అని ఊళ్ళో అడుగు. గుడి చుట్టూ నల్లరేగడి అయితే ఎండాకాలం నెర్రెలు ఎంత దూరంలో మొదలవుతున్నాయో కూడా రాయి. చెరువు కట్ట ఎత్తు పెంచారా, చెరువు నిండి మత్తడి పడితే నీళ్ళు గుడి వరకూ వస్తాయా అన్నది కాగితాల్లో దొరకదు, గొర్లు కాసేవాళ్ళను అడుగు. "మా నాయిన ఉన్నప్పుడు ఈ చెట్టు గింతే ఉండె" అని ఒక ముసలాయన చేయి చూపిస్తే అదే నీకు పెరిగిన వేగం లెక్క.

పగుళ్ళను చూసి టెన్షన్ పడకు. ఆగిపోయిన పగులు వేరు, కదులుతున్న పగులు వేరు, ఏదో తెలియాలంటే కొలవాలి. శిల్పం లేని చోట, అనుమతి తీసుకుని, పగులుకు అడ్డంగా సన్నటి గాజుపట్టీ ప్లాస్టర్‌తో అతికించి తేదీ వేస్తారు. గాజు విరిగితే కదులుతోందన్నమాట. అనుమతి రాకపోతే అదే చోట నిలబడి, పక్కన స్కేలు పెట్టి, వానకు ముందు ఒకటి వాన తర్వాత ఒకటి ఫోటో తీయి.

ఇప్పుడు ఏది ముందు ఏది వెనక అన్నది. అన్నిటికీ "తీవ్రం" అని రాశావు, అన్నీ తీవ్రమైతే ఏదీ తీవ్రం కానట్టే. మ్యూజియంల వాళ్ళూ వారసత్వ కట్టడాల వాళ్ళూ వాడే ఏబీసీ పద్ధతి ఒకటి ఉంది, వారసత్వ సంపదను కాపాడే అంతర్జాతీయ సంస్థ ఇక్రోమ్ వాళ్ళు దాని మీద శిక్షణ కూడా ఇస్తారు. ప్రతి ముప్పుకు మూడు మార్కులు, ఒక్కోటి ఐదుకు. ఎంత తరచుగా జరుగుతుంది లేదా ఎంత వేగంగా పెరుగుతుంది అన్నది ఒకటి: ఏడాదికోసారైతే 5, పదేళ్ళకోసారైతే 4, వందేళ్ళకైతే 3, వెయ్యేళ్ళకైతే 2. తాకిన భాగం ఎంత పోతుంది అన్నది రెండోది: మొత్తం పోతే 5, పదోవంతు పోతే 4. మొత్తం గుడి విలువలో ఆ భాగం ఎంత అన్నది మూడోది, అది కూడా అదే మెట్టు లెక్క. మూడూ కూడితే గరిష్ఠం 15. ఇందులో ఒక్క మార్కు తేడా అంటే పది రెట్ల తేడా, అది గుర్తుపెట్టుకో.

మూడో మార్కు వేయాలంటే ముందు గుడిలో దేనికెంత విలువో తేల్చుకోవాలి. ఇది నువ్వొక్కదానివే తేల్చేది కాదు. నీకు ద్వారబంధం మీది శిల్పం గొప్ప, శాసనాలు చదివేవాళ్ళకు బయట ఉన్న రాయి గొప్ప, ఊరివాళ్ళకు లింగం, శివరాత్రి. ముగ్గురినీ కూర్చోబెట్టి అడిగి అప్పుడు వాటాలు వేయి.

ఒక లెక్క చూపిస్తాను. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర 5.3 భూకంపం వచ్చినప్పటి నుంచి అందరి రిపోర్టుల్లో మొదటి ముప్పు భూకంపమే, నీ రిపోర్టులోనూ అంతే. సరే, గుడికి గట్టి దెబ్బ తగిలే భూకంపం వెయ్యేళ్ళకోసారి అనుకో, 2. పదోవంతు నష్టం, 4. గుడి మొత్తానికీ తగులుతుంది, 5. మొత్తం 11. ఇప్పుడు మీ ఊరి కమిటీ చందాలు వేసి జీర్ణోద్ధరణ మొదలుపెట్టే అవకాశం తీసుకో. పదేళ్ళలో ఒకసారి తప్పకుండా జరుగుతుంది, 4. సాండ్ బ్లాస్టింగ్ పెట్టి ద్వారబంధం కడిగితే ఉలి గీత మొత్తం పోతుంది, దాని మీద మళ్ళీ ఎనామిల్ పెయింటు, 5. ద్వారబంధం విలువ గుడిలో పదోవంతు, 4. మొత్తం 13. అంటే భూకంపం కంటే వంద రెట్లు. దీన్ని ఆపడానికి కావలసింది ఒక సాయంత్రం కమిటీతో చాయ్ తాగుతూ మాట్లాడటం. భక్తితో చేసేవాళ్ళను నేరస్థుల్లా చూడకు, వాళ్ళకు గోడకు టైల్స్ వేయించడమంటే దేవుడికి కొత్త బట్టలు పెట్టడమే. టైల్స్ డబ్బుతో కప్పు లీకు బాగు చేయిద్దాం, శిలాఫలకం మీద పేర్లు అట్లాగే వేద్దాం అని చెప్పు. పేర్ల దగ్గరే సగం కథ ఉంటుంది.

వానను మాత్రం పాత లెక్కలతో కొలవకు. 2023 జులైలో రామప్ప ఉన్న వెంకటాపురం మండలంలోనే లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. అట్లాంటి రోజు మీ చెరువు కట్ట నిలుస్తుందా అన్నది వేరే ముప్పుగా రాయి, కప్పు లీకుతో కలపకు.

గుప్త నిధుల వాళ్ళ సంగతి మొహమాటం లేకుండా రాయి. లింగం కింద, నంది కింద తవ్వేది వాళ్ళే, అమావాస్య చూసుకుని గడ్డపారలతో వస్తారు. గుడి ఊరికి ఎంత దూరం, రాత్రి అటు ఎవరు తిరుగుతారు, లైటు ఉందా, పూజారి రోజూ వస్తాడా అన్న నాలుగు మాటలు చాలు. దీపం వెలిగే గుడికి ఈ ముప్పు సగానికి సగం తగ్గుతుంది, అందుకే పూజ వద్దు అని రాసేవాళ్ళతో నాకు పడదు. నూనె మరక, కర్పూరం మసి కూడా రాయి, కానీ చివర్లో.

గుట్ట మీద గ్రానైట్ క్వారీ ఉందన్నావు. బ్లాస్టింగ్ ఏ టైంలో జరుగుతుందో, ఎంత దూరమో రాసి పెట్టు. కరీంనగర్ వైపు కురిక్యాల బొమ్మలగుట్టకు, పంప కవి తమ్ముడు జినవల్లభుడి శాసనంలో తెలుగు కంద పద్యాలున్న ఆ గుట్టకే, క్వారీ భయం తప్పలేదు. గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంటే చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆపైన 200 మీటర్లు అనుమతితోనే. మీది ఆ జాబితాలో లేదు. అందుకని అది దేవాదాయ శాఖదా, రాష్ట్ర వారసత్వ శాఖదా, ఎవరిదీ కాదా అన్నది మొదటి పేజీలోనే రాయి. ఎవరిదీ కాకపోతే అదొక ముప్పు, దానికీ మార్కులు వేయి.

మందు ఏమిటో కూడా రాయాలి కదా అని గుడి విప్పి మళ్ళీ కట్టాలి అని రాశావు. అది కొట్టెయ్. వేయిస్తంభాల గుడి మండపం విప్పి, రాళ్ళకు నంబర్లు వేసి, మళ్ళీ నిలబెట్టి తెరిచేసరికి 2024 మార్చి వచ్చింది, పదిహేనేళ్ళు దాటిపోయింది. అక్కడ దేశంలో పేరున్న గుడి, నిధులు, ఇంజనీర్లు అన్నీ ఉన్నాయి. మీ గుడి రాళ్ళు ఒకసారి కిందికి దిగితే ఎవరి ఇంటి అరుగవుతాయో చెప్పలేం. ముందు కప్పు మీద గడ్డి, మట్టి తీయించి సున్నపు పూత వేయించడం, నీళ్ళు బయటికి పోయే కాలువ, చెట్టు, తాళం. ఈ ఏడాదికి ఇవి చాలు.

శాసనం రాయి ఫోటోలో చుట్టూ పత్తి చేను కనిపిస్తోంది. అది ఏ సర్వే నంబరులో ఉంది, పట్టాదారు ఎవరు, దున్నేటప్పుడు ట్రాక్టర్ ఎంత దగ్గరగా పోతుంది అన్నది నువ్వు ఎక్కడా రాయలేదు. దుక్కులు మొదలయ్యేలోపు కనుక్కో, అన్ని వైపులా ఏటవాలు వెలుతురులో ఫోటోలు తీసి నాకు పంపు.

మీ పెదబాపు
హనుమకొండ