పార్కుకు రానివాళ్ళను ముందు అడుగు, తల్లీ

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. కాలనీ సంఘానికి నిన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారని మీ నాన్న చెప్పాడు. పార్కు బాగుచేయడానికి కార్పొరేషన్ ఒప్పుకుందనీ, కాలనీవాళ్ళ ఆలోచనలు సేకరించి ఒక జాబితా ఇమ్మన్నారనీ నువ్వు రాసింది చదివి చాలా సంతోషించాను. ఈ ఆదివారమే వాట్సాప్ గ్రూపులో ఒక ఫారం పెట్టి అందరినీ నింపమంటానన్నావు. ఆ ఒక్క పనీ కొన్నాళ్ళు ఆపమ్మా.

ఎందుకంటే మీ గ్రూపులో ఎవరున్నారో ఒకసారి చూడు. ఇంటికి ఒకరు, అదీ సొంత ఇళ్ళవాళ్ళు, చాలావరకు మగవాళ్ళు. ఫారం ముందుగా నింపేది రోజూ పొద్దున్నే పార్కులో నడిచేవాళ్ళు. వాళ్ళు చెప్పేది తప్పని కాదు. కానీ ఆ పార్కు వాళ్ళకు ఇప్పటికే పనికొస్తోంది. అందులో ఏం లోపముందో తెలిసినవాళ్ళు దాని పక్కనుంచి నడిచి వెళ్ళిపోయేవాళ్ళు, ఒకసారి వచ్చి మళ్ళీ రానివాళ్ళు, గేటు లోపలికి రావచ్చో లేదో తెలియక బయటే ఆగిపోయేవాళ్ళు. వాళ్ళెవరూ నీ ఫారం నింపరు. నువ్వే వాళ్ళ దగ్గరకు వెళ్ళాలి.

ఎవరినైనా అడిగే ముందు ఆ స్థలం సంగతి నీకు స్పష్టంగా తెలియాలి. లేఅవుట్‌లో ఖాళీ స్థలంగా విడిచిన భాగాన్ని దానపత్రం రాసి స్థానిక సంస్థకు అప్పగిస్తారు. పార్కులు, ఉద్యానాలు, ఆటస్థలాలు పురపాలక సంస్థలు చూసుకోదగిన పనులని 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో రాసి ఉంది. కాబట్టి అది సంఘం ఆస్తి కాదు, అక్కడ ఏదైనా కట్టుకోవచ్చని ఎవరైనా అంటే ఆ మాటా చెల్లదు. మంజూరైన లేఅవుట్ పటం నకలు సంపాదించు. మామూలుగా అడిగితే ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది కదా, పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. పటం చేతికి వచ్చాక హద్దులు కొలిపించు. ప్రహరీ ఒక మూల లోపలికి జరిగి ఉందేమో అప్పుడే తెలుస్తుంది.

ఇది ముందే చేయమనడానికి కారణముంది. అభిప్రాయాలు అడగడం మొదలుపెట్టగానే ఒకరు పార్కు మూలలో గుడి అంటారు, ఇంకొకరు ఫంక్షన్ హాలు అంటారు, మరొకరు కార్లు నిలుపుకోవడానికి కొంచెం చోటు అంటారు. వాళ్ళంతా మంచి ఉద్దేశంతోనే అడుగుతారు. అప్పుడు తడబడకుండా, గౌరవంగా, ఇది పార్కుగానే ఉండాల్సిన స్థలమని చెప్పాలి. బెంగళూరులో రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఆసుపత్రి కట్టుకోవడానికి ఒక ట్రస్టుకు ఇచ్చారు. అక్కడివాళ్ళు కోర్టుకు వెళితే 1991లో సుప్రీంకోర్టు వాళ్ళ పక్షానే తీర్పు చెప్పింది. ఆసుపత్రి కంటే మంచి పని ఏముంటుంది? అయినా పార్కు స్థలాన్ని దానికి ఇవ్వడం కుదరదన్నారు. ఈ సంగతి సమావేశంలో ఒక్కసారి చెబితే చాలా వాదనలు అక్కడే ఆగుతాయి.

అలాగే అసిస్టెంట్ ఇంజనీరు దగ్గరకు వెళ్ళి మంజూరైన డబ్బెంత, ఏ పనులకు, ఎప్పటిలోగా అని కనుక్కో. వీలుకాని వాటిని కూడా చేయిస్తామన్నట్టు జనాన్ని అడిగి ఆశపెట్టడం అన్యాయం.

ఆ తర్వాత కూడా వెంటనే అడగవద్దు. ముందు చూడు. నోటుబుక్కు పట్టుకుని వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో వెళ్ళి కూర్చో. తెల్లవారుజామున, పదకొండింటికి, మిట్టమధ్యాహ్నం, బడి వదిలాక, దీపాలు పెట్టాక. ఎవరు వచ్చారు, ఎక్కడ కూర్చున్నారు, ఎంతసేపు ఉన్నారు, ఏ బెంచీ ఎప్పుడూ ఖాళీగా ఉంది, అన్నీ రాసుకో. గడ్డి చచ్చి బాట పడినచోట చూడు, టైల్స్ వేసిన దారి ఎటు పోయినా జనానికి కావలసిన దారి అదే. మధ్యాహ్నం గేటుకు తాళం వేస్తున్నారా? అయితే ఒక ఇంట్లో పని ముగించి మరో ఇంటికి వెళ్ళే లోపు కాసేపు నడుం వాల్చే ఆడవాళ్ళు ఎక్కడ కూర్చుంటున్నారో వెతుకు. అపార్టుమెంటు మెట్ల మీద, మురుగుకాలువ గట్టు మీద కనబడతారు. ఎదురుగా చెట్ల నీడ ఉంటుంది, దానికి తాళం ఉంటుంది. ఆ తాళం గురించి ఏ ఫారంలోనూ ఎవరూ రాయరు.

ఇప్పుడు అడగడం సంగతి. మీ కాలనీలో ఎవరెవరిని అడగాలో నేను దూరాన కూర్చుని చెప్పలేను గానీ కొందరి పేర్లు తప్పకుండా ఉండాలి. ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, వాచ్‌మన్ల కుటుంబాలు, రోడ్లు ఊడ్చే ఆడవాళ్ళు, సరుకులు తెచ్చి ఇచ్చే కుర్రాళ్ళు, అద్దె ఇళ్ళలో ఉండే పిల్లలు, మంచం పట్టిన పెద్దలను చూసుకునే కోడళ్ళు, చక్రాల కుర్చీలో తిరిగేవాళ్ళు. చక్రాల కుర్చీవాళ్ళు పార్కులో కనబడరు కాబట్టి కాలనీలో లేరనుకుంటారు. గేటు దగ్గర ఒక్క మెట్టు చాలు, వాళ్ళు ఇంటికే పరిమితం కావడానికి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున వాలు కట్టిస్తే ఆ మెట్టు అడ్డం పోతుంది. అది కోరేవాళ్ళు ఒక్కరే ఉన్నా జాబితాలో పైన రాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం అది వాళ్ళ హక్కు, ఓట్లు లెక్కపెట్టి తేల్చేది కాదు.

ఆడపిల్లల గురించి ప్రత్యేకంగా చెబుతాను, ఎందుకంటే వాళ్ళను అడగాలని ఎవరికీ తోచదు. చిన్నప్పుడు ఉయ్యాల దగ్గర తగువులాడిన అమ్మాయిలు ఐదో ఆరో తరగతికి వచ్చేసరికి పార్కులో కనబడరు. పెద్దదైంది, చదువుకుంటోంది అంటారు ఇంట్లోవాళ్ళు. వియన్నా నగరంలో 1990లలో ఇదే విషయం పరిశీలించారు. తొమ్మిదేళ్ళు దాటాక పార్కులకు వచ్చే అమ్మాయిల సంఖ్య బాగా పడిపోతోందని, అబ్బాయిలు మాత్రం వస్తూనే ఉన్నారని తేలింది. ఖాళీ జాగా అంతా ఒకే మైదానంలా ఉంటే దాన్ని అబ్బాయిలు ఆక్రమిస్తారు, అమ్మాయిలు వాళ్ళతో పోటీపడరు, ఇంటికి పోతారు. 1999లో అక్కడ రెండు పార్కులను మార్చి చూశారు. నడక దారులు పెంచారు, బాడ్మింటన్, వాలీబాల్ ఆడుకునే చోట్లు పెట్టారు, పెద్ద మైదానాన్ని మొక్కలతో చిన్న చిన్న భాగాలుగా విడదీశారు. అమ్మాయిలు మళ్ళీ రాసాగారు. మీ పార్కు అరెకరం ఉన్నా ఈ సూత్రం పనిచేస్తుంది. అయితే ఆ పిల్లలను వాళ్ళ నాన్నల ఎదుట అడగవద్దు. నలుగురైదుగురిని కూర్చోబెట్టుకుని నువ్వొక్కదానివే మాట్లాడు.

ఎవరినైనా సరే, నీకేం కావాలి అని అడిగితే పక్క కాలనీలో ఉన్నదే కావాలంటారు. ఈ రోజుల్లో అది ఓపెన్ జిమ్. నువ్వు అలా అడగవద్దు. ఆఖరిసారి పార్కుకు ఎప్పుడు వచ్చావు, ఎక్కడ కూర్చున్నావు, ఎందుకు లేచి వెళ్ళిపోయావు, పిల్లల్ని ఒంటరిగా పంపుతావా, ఎందుకు పంపవు అని అడుగు. జిమ్ పరికరాలు కావాలన్నవాళ్ళను ఏప్రిల్‌లో సాయంత్రం నాలుగింటికి ఆ ఇనుప పిడి పట్టుకోగలరా అని అడిగితే నీడ సంగతి బయటకు వస్తుంది. గోడ ఎత్తు పెంచాలని ఒకావిడ అంటుంది. ఎందుకమ్మా అంటే వెనక వైపు చీకట్లో మందు తాగేవాళ్ళు చేరుతున్నారంటుంది. ఆమెకు కావలసింది వెనక మూలలో దీపాలు, బయటనుంచి కనబడే జాలీ గోడ. గోడ ఎత్తు పెంచితే చీకటి ఇంకా పెరుగుతుంది. కోరిక వెనక కారణం తెలియకుండా రాసుకున్న జాబితాతో డబ్బు ఖర్చవుతుంది గానీ కష్టం అలాగే ఉంటుంది. ఒక్కొక్కరు చెప్పిన మాట వాళ్ళ మాటల్లోనే రాసుకో, నీ మాటల్లోకి మార్చవద్దు.

ఇవన్నీ అయ్యాక అందరినీ ఒకచోట చేర్చు. అనంతపురం జిల్లా పల్లెల్లో వాననీటిని నిలబెట్టే వాటర్‌షెడ్ పనులు చేసిన రోజుల్లో మేము అనుసరించిన పద్ధతి నాకు ఇప్పటికీ అన్నిటికంటే నచ్చుతుంది. రచ్చబండ దగ్గర నేల ఊడ్పించి, నీళ్ళు చల్లి, ముగ్గుపిండితో ఊరి పటం ఊరివాళ్ళ చేతనే గీయించేవాళ్ళం. కాగితం మీద పటం పరిస్తే చదువుకున్నవాళ్ళే దాని చుట్టూ చేరతారు. నేల మీద ముగ్గుతో గీస్తే చదువురాని ఆడవాళ్ళ చేయి ముందు కదులుతుంది. మగవాళ్ళు పొలాలు, దారులు గీసేవారు. ఆడవాళ్ళు గీసిన పటంలో బావులుండేవి, కట్టెలు దొరికే చోట్లుండేవి, రాత్రివేళ భయపడే మలుపులుండేవి. ఊరు ఒకటే, పటాలు రెండు. ఆ రెండూ పక్కపక్కన చూశాక చెరువు పూడిక గురించి, గట్టు గురించి జరిగే చర్చే మారిపోయేది.

మీ పార్కులోనూ అదే చేయి. ఖాళీ జాగాలో పార్కు పటం గీయించు. పిల్లలకు ఒకటి, ఆడవాళ్ళకు ఒకటి, పెద్దవాళ్ళకు ఒకటి, ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు వీలైన వేళలో ఇంకొకటి. పిండి గిన్నె ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళది, కాబట్టి అది సంఘం అధ్యక్షుల చేతికి మొదట ఇవ్వకు. ఆకులు, రాళ్ళు, పూలు పెట్టి చెట్లు, బెంచీలు, నీళ్ళు నిలిచే చోట్లు చూపించమను. తర్వాత పనుల బొమ్మలు వేసిన అట్టలు పరిచి, మనిషికి ఐదు చింతగింజలు ఇచ్చి, ఏది ముఖ్యమనుకుంటే దాని మీద పెట్టమను. ఐదూ ఒకదాని మీదే పెట్టినా సరే. పలుకుబడి ఉన్నవాళ్ళను చివర పెట్టమని వినయంగా అడుగు, వాళ్ళు ముందు పెడితే మిగిలినవాళ్ళ చేతులు అటే పోతాయి. గింజలు అక్కడే, అందరి ఎదుటే లెక్కపెట్టండి. ఒక్కో గుంపు లెక్క విడిగా రాయి, కలిపేయకు. మొత్తం కలిపితే పెద్ద గుంపు కోరికే మిగులుతుంది, పనివాళ్ళు అందరూ మంచినీటి కుళాయి మీదే గింజలు పెట్టిన సంగతి మాయమవుతుంది. పటాలకు ఫోటోలు తీయించు, సాయంత్రానికి ముగ్గు చెరిగిపోతుంది.

గొడవలు తప్పవు. క్రికెట్ ఆడే పిల్లలకూ నడిచేవాళ్ళకూ మధ్య వచ్చే తగువు ప్రతి పార్కులోనూ ఉంటుంది. దాన్ని ఓట్లతో తేల్చవద్దు, ఆ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి వేళలు పంచుకోమను. వాళ్ళు ఒప్పుకున్న వేళలను వాళ్ళే కాపాడుకుంటారు. ఆకులు రాలుతున్నాయని చెట్టు కొట్టేయమనేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు. 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టు నరకకూడదు. కానుగనో పొగడనో నాటినవాళ్ళు ఇరవై ఏళ్ళు పెంచి ఇచ్చిన నీడ అది. ఈ విషయంలో నువ్వు మెత్తబడకు.

ఇక నేను అన్నిటికంటే గట్టిగా చెప్పే మాట. అభిప్రాయాలు తీసుకుని తర్వాత ఏమీ చెప్పకపోతే జనం రెండోసారి నోరు విప్పరు. ఏం అడిగారు, ఏది చేస్తున్నారు, ఏది చేయడం లేదు, ఎందుకు చేయడం లేదు అనేది పెద్ద అక్షరాలతో రాయించి గేటుకు కట్టు. తెలుగులో రాయించు, మీ ప్రాంతంలో చదివేవాళ్ళుంటే ఉర్దూలోనూ హిందీలోనూ రాయించు. ఎవరు ఏం అడిగారో పేర్లు మాత్రం రాయవద్దు. చీకటి మూల గురించి చెప్పిన ఆవిడకు రేపు ఇబ్బంది రాకూడదు. కార్పొరేషన్ పనులు మొదలయ్యే దాకా ఆగకుండా, సంఘం డబ్బుతో అయ్యే చిన్న పని ఏదైనా వారంలోపు చేయించు. ఉయ్యాల గొలుసు మార్చడమో, కారే కుళాయి బాగుచేయించడమో చాలు, అడిగినందుకు ఫలితముందని జనానికి నమ్మకం కుదురుతుంది.

ఇంజనీరుకు ఇచ్చే కాగితంలో పనులను వరుసక్రమంలో రాయి, పటాల ఫోటోలు జతచేయి, నకలు మీద సంతకం, తేదీ, ముద్ర వేయించుకో. నడక దారికి నున్నటి టైల్స్ వద్దని రాయి, వానాకాలం పాచి పట్టి పెద్దవాళ్ళు జారిపడతారు. ఎన్నాళ్ళకూ కదలిక లేకపోతే సోమవారం అధికారులు జనం ఫిర్యాదులు వినే ప్రజావాణికి ఆ కాగితం పట్టుకుని వెళ్ళు, ఒంటరిగా కాక కాలనీ ఆడవాళ్ళను నలుగురిని వెంటబెట్టుకుని వెళ్ళు. పనులయ్యాక నిర్వహణ ఎవరిదో, నీళ్ళెక్కడివో, తోటమాలి జీతం ఏ పద్దు నుంచో కూడా ఆ కాగితంలోనే అడుగు.

తోటమాలి అంటే గుర్తొచ్చింది. అందరికంటే ముందు అతనితో మాట్లాడు, రేపు పొద్దున్నే వెళ్ళు. వానకు నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి, ఏ మొక్క ఎన్నిసార్లు నాటినా ఎందుకు బతకడం లేదు, పైపు ఎక్కడ పగిలింది, రాత్రి ఎవరు గోడ దూకుతారు, పనిముట్లు దాచుకోవడానికి చోటుందా అని అడుగు. అతను చెప్పినవి నాకు రాసి పంపు.

నీ పెదనాన్న