తొలి క్రైస్తవ నాయకులైన పేతురు, పౌలుల మధ్య అంతియొకయ నగరంలో వచ్చిన విభేదం దేని గురించి?

ఆ విభేదం కలిసి భోజనం చేయడం దగ్గర మొదలైంది. గలతీయులకు పౌలు రాసిన పత్రిక (బైబిల్ కొత్త నిబంధనలోని ఒక ఉత్తరం) రెండో అధ్యాయం ప్రకారం, అంతియొకయలో అన్యజనులైన (యూదులు కాని) విశ్వాసులతో కలిసి భోంచేస్తూ వచ్చిన పేతురు, యెరూషలేము సంఘ నాయకుడైన యాకోబు వద్దనుంచి కొందరు రాగానే, సున్నతి పొందినవారికి, అంటే యూదులకు, భయపడి వెనక్కి తగ్గాడు. మిగిలిన యూదులతోపాటు పౌలు సహచరుడైన బర్నబా కూడా అదే దారి పట్టాడు. పౌలు అందరి ఎదుటే పేతురును నిలదీశాడు. అయితే పేతురు ఏం జవాబిచ్చాడో ఆ పత్రికలో లేదు గనుక, ఒక పక్షం మాటతోనే అతణ్ణి పిరికివాడని తేల్చేయడం అన్యాయమని నా అభిప్రాయం. పౌలు, బర్నబా కూడా విడిపోయారు గానీ, ఆ ఎడబాటుకు కొత్త నిబంధనలోని అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం వేరే కారణం చెబుతుంది: పంఫూలియలో (నేటి టర్కీలోని ప్రాంతం) తమను విడిచి వెళ్లిన మార్కును మళ్లీ వెంట తీసుకుపోవడానికి పౌలు ఒప్పుకోలేదు. తీవ్రమైన వాదం తర్వాత బర్నబా మార్కుతో కుప్రకు (సైప్రస్ ద్వీపానికి) ఓడ ఎక్కగా, పౌలు సీలను వెంటబెట్టుకుని సిరియా, కిలికియల మీదుగా సాగిపోయాడు.