ప్లేటంతా బూజు కమ్మేస్తే కాలనీలు లెక్కపెట్టడం ఎలా? – సమాధానం

చెల్లెమ్మా, వరంగల్‌లో మీ యూనివర్సిటీ లైబ్రరీ పుస్తకాల గదిలో గాలిలోని ఫంగస్‌ (బూజు) లెక్క కోసం గంటసేపు మూత తీసి పెట్టిన పెట్రి ప్లేట్లు (ఫంగస్ పెరిగే జెల్లీ, అంటే అగార్, పోసిన పళ్లేలు) మూడో రోజుకల్లా బూజుతో నిండిపోయాయని, కాలనీల (విడివిడిగా పెరిగే బూజు మచ్చల) లెక్క తేలడం లేదని రాశావు. టెన్షన్ పడకు, ప్రాజెక్టు పాడవలేదు.

బూడిద రంగు దూదిలా మూతకు తగిలేదాకా లేచి, పైన సన్నటి నల్లచుక్కలు కనిపిస్తున్నాయంటే అది రైజోపస్ (వేగంగా పాకే ఒక బూజు) లాంటిదే అయి ఉంటుంది. దాని ఒక్క స్పోరు (విత్తనం లాంటి సూక్ష్మ కణం) పడినా చాలు, రెండు మూడు రోజుల్లో ప్లేటంతా పాకి కింద ఉన్న ఆస్పర్‌జిల్లస్, పెనిసీలియం లాంటి వేరే బూజుల కాలనీలను కప్పేస్తుంది. అందుకని ఫంగస్‌కు రోజ్ బెంగాల్ అనే రంగు ఉన్న అగార్‌లో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ కలిపి వాడు. మొదటిది కాలనీలు పాకకుండా పట్టి ఉంచుతుంది, రెండోది బ్యాక్టీరియాను ఆపుతుంది. ఈ ప్లేట్లకు వెలుతురు తగలనివ్వకు, ఆ రంగు వెలుగులో ఫంగస్‌కే విషంగా మారుతుంది. 25 డిగ్రీల దగ్గర ఉంచి, రెండో రోజు నుంచే రోజూ చూస్తూ కనిపించిన ప్రతి కాలనీకి ప్లేటు అడుగున మార్కర్‌తో చుక్క పెట్టు. తర్వాత బూజు కమ్మినా లెక్క నీ చేతిలో ఉంటుంది.

వానాకాలం కదా, ప్లేట్లు త్వరగా నిండిపోతాయి, అందుకే గంటతో పాటు 15, 30 నిమిషాల ప్లేట్లు కూడా పెట్టు. నేలకు ఒక మీటరు ఎత్తున, గోడకు మీటరు దూరంలో ఉండాలి. ఫ్యాను తిరుగుతోందా, ఎంతమంది ఉన్నారు అన్నదీ రాసుకో. పోల్చి చూసుకోవడానికి మూత తీయని ప్లేటు ఒకటి తప్పనిసరి.

ఘనపు మీటరు గాలికి ఎన్ని కాలనీలు అని మాత్రం రాయకు. ఇందులో గాలి ఎంతో కొలవలేదు కాబట్టి గంటకు ప్లేటుకు ఇన్ని కాలనీలు అనే రాయాలి. ఘనపు మీటరు లెక్క కావాలంటే కొలిచిన గాలిని లాగే ఎయిర్ శాంప్లర్ ఉండాల్సిందే.